ఇరవై రోజులు పిలవని పేరు

ఆ రోజుల్లో కాకినాడ కాలేజీల్లో ప్రతి లెక్చరర్ చెవిలోనూ ఓ బుల్లి యంత్రం ఉండేది. క్లాసులో ఎవరిని పలకరించడం మానేశారో గుసగుసగా చెప్పడం దాని పని. స్టాఫ్‌రూమ్‌లో అందరూ దాన్ని కర్ణపిశాచి అనేవారు.

ఆ ఉదయం వృక్షశాస్త్రం పరాంకుశంగారు మడచెట్ల పాఠం చెబుతుంటే అది అందుకుంది. "మాస్టారూ, దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన న్యాకూత్‌ని ఇరవై రోజులుగా ఒక్క ప్రశ్నా అడగలేదు."

ఆయనకు ఒళ్లు మండింది. ఆ పిల్లంటే తనకేం చులకన లేదు. ఆ పేరుకి నోరు తిరగదు, తప్పు పలికితే క్లాసు నవ్వుతుందని జంకు, అంతే.

"చివరి బెంచీ అమ్మాయీ, నువ్వు చెప్పమ్మా," అన్నారు.

"ఆమెకు పేరుంది మాస్టారూ," అంది కర్ణపిశాచి.

ఆయన దాన్ని పీకి జేబులో వేసుకున్నారు. "నీ పేరెలా పలకాలో నువ్వే నేర్పమ్మా."

మూడుసార్లు తప్పు పలికారు. క్లాసంతా గొల్లుమంది. నాలుగోసారికి "న్యాకూత్" సరిగ్గా వచ్చింది.

"పర్లేదు సార్. పరాంకుశం అనడానికి నాకు రెండు వారాలు పట్టిందండి," అందామె.

ఆయనా నవ్వేశారు. "సరే, బురదలో ఉన్న వేళ్లకు గాలెలా అందుతుంది?"

మడచెట్లు వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తాయని చెప్పింది న్యాకూత్. "మా నైలు చిత్తడిలో రెల్లుకైతే కాడ నిండా గాలి గదులేనండి. బొమ్మ గీయనా?"

మాస్టారు చాక్‌పీసు ఆమెకిచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. బొమ్మ సగమయ్యేసరికి, ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి, డౌటు అడగడానికి చెయ్యెత్తారు.