ఊపిరి తీసుకున్న ఇనుము

"సాయంత్రంలోగా ఆ సిమ్యులేటర్ మన లైబ్రరీలోంచి పోవాలి. అంతే," అన్నాడు భీమశంకరరావు.

మధులత టీ గ్లాసు కింద పెట్టింది. లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు. రోబోలను నడిపే ప్రోగ్రాములన్నీ ఒకచోట కట్టిన మూట. అసలు రోబో లేకపోయినా దాన్ని తెరమీద ఆడించి చూపించే సిమ్యులేటర్ కూడా అందులోనే ఉంది. ఏడాదిపాటు కూర్చుని దాన్ని ఓ దారికి తెచ్చింది ఆవిడే. భీమశంకరరావు కంచరపాలెంలోని ఆ చిన్న కంపెనీకి కొత్త మేనేజరు. హైదరాబాదు నుంచి దిగి వారం కాలేదు, అప్పుడే అన్నీ సర్దేస్తున్నాడు.

"రోబో కొనలేని కాలేజీలు దీనికోసమే ఎదురు చూస్తున్నాయి సార్. ఇవాళ సీడీలు పంపాలి."

"బొమ్మలాటలకి సీడీలు పంపం. పైగా మెషీన్ పలక్కపోతే ప్రోగ్రాము దానంతటదే సిమ్యులేటర్‌కి మారిపోతుందట! ఎవర్నడిగి పెట్టారు?"

"పిల్లల పని మధ్యలో ఆగిపోకూడదని..."

"ఇనుముకి జీవం ఉంటుందండీ! ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. మీ బొమ్మకెక్కడిదీ? ఏది అసలో ఏది నకిలీయో కళ్లు మూసుకుని చెప్పగలను."

"తెరిచే చెప్పండి సార్," అంది మధులత వినయంగా. "తేడా తెలిస్తే నా చేత్తో నేనే తీసేస్తాను. తెలియకపోతే?"

"తెలియకపోతే ఉంటుంది. సీడీలు నేనే దగ్గరుండి పంపిస్తాను, సరేనా? ముందు అసలు మెషీన్ మీద నడపండి."

ఇనుప కడ్డీలు ఎత్తిపెట్టే ఆ రోబో చెయ్యి కింద షెడ్డులో ఉంది. అది కదిలేటప్పుడు షెడ్డులో పురుగు కూడా ఉండకూడదన్న నియమం భీమశంకరరావు వచ్చిన రోజునే పెట్టాడు. మేడమీద కూర్చుని, దాని కదలికల్ని తెరమీద చూపించే గీతల బొమ్మను చూసుకోవాల్సిందే.

మధులత అసలు మెషీన్‌కే ఆజ్ఞ ఇచ్చింది. గీతల చెయ్యి వంగింది. కడ్డీని పట్టుకుని, ఒక్క క్షణం తటపటాయించి, పైకి లేపింది.

"చూశారా, చూశారా! ఎత్తేముందు ఊపిరి తీసుకుంది! అదీ ఇనుమంటే!" భీమశంకరరావు కుర్చీలో నిలవలేకపోయాడు. వెనక పట్టాల మీద గూడ్సు పోతోంది, కాళ్లకింద నేల సన్నగా వణికింది. "ఆ అదురు తెలుస్తోందా? మోటారు!"

"అదురుతోంది సార్," ఒప్పుకుంది మధులత.

"ఇక మీ బొమ్మని ఆడించండి."

సిమ్యులేటర్ మొదలైంది. గీతల చెయ్యి వంగింది, పట్టుకుంది, తటపటాయించింది, లేపింది. భీమశంకరరావు ఉప్పు మరిచిన పప్పు తిన్నవాడిలా మొహం పెట్టాడు.

"ఒట్టి చప్పిడి. ఊపిరేదీ?"

"తీసుకున్నట్టే ఉంది సార్."

"మీరు కన్నతల్లి. మీకు అలాగే ఉంటుంది. మొదటిది మెషీన్, రెండోది బొమ్మ. తేడా తెలిసింది. ఇక కానివ్వండి, తీసేయండి."

"మొదటిది మెషీనేనని ఖాయమేనా సార్?"

"నూటికి నూరుపాళ్లు!"

మధులత డిలీట్ ఆజ్ఞ టైపు చెయ్యడం మొదలుపెట్టింది, బియ్యంలో రాళ్లు ఏరుతున్నంత నిదానంగా. ఆఖరి అక్షరం పడి, ఇంకా ఎంటర్ నొక్కకముందే తలుపు తెరుచుకుంది. షెడ్డు చూసుకునే దాలయ్య. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో పళ్లెం, పళ్లెంలో కొబ్బరిముక్కలూ బూందీ.

"పెసాదం తీసుకోండి బాబూ."

భీమశంకరరావు మండిపడ్డాడు. "షెడ్డులోంచేనా వస్తున్నావు? మెషీన్ నడుస్తుంటే లోపలికెందుకెళ్లావయ్యా? చేతులు తెగిపడితే ఎవరిది పూచీ?"

దాలయ్య తెల్లబోయి ఆయన్నీ, కంప్యూటర్నీ, మధులతనీ మార్చి మార్చి చూశాడు.

"నడవడమేటి బాబూ! ఈయాల ఇశ్వకర్మ పూజ కదేటి, యంత్రాన్ని కదపకూడదు. పొద్దున్నే కరెంటు పీకీసి దండేసీసినాం. మొదటి బొట్టు మేడమ్‌గారే ఎట్టినారు!"