పై బాణం

ఉన్న ఫైళ్లు చూపించమని కమాండ్ కొడితే, అలాంటి కమాండే లేదంది లాప్‌టాప్.

ఆమె ఇంకోటి కొట్టింది. అదీ లేదంది.

నిన్నటిదాకా చెప్పినట్టు విన్న ఆఫీసు లాప్‌టాప్, ఇవాళ భోజనాల బల్ల మీద కూర్చుని దేనికీ పలకనని మొండికేసింది. మధ్యాహ్నంలోగా కొత్త ప్రోగ్రాం పంపాలి.

ఎందుకిలా అయిందో ఆమెకు తెలుసు. స్కూలుకు పంపాల్సిన పాప డాన్సు వీడియో మరీ పెద్దదైపోయిందని, దాన్ని కుదించే టూల్ ఒకటి నిన్న సాయంత్రం ఇంటర్నెట్ నుంచి ఎక్కించింది. అక్కడ రాసున్న లైన్‌ని చదవకుండానే తెచ్చి అతికించింది. అప్పట్నుంచీ ఇదీ వరస.

ఆఫీసు లాప్‌టాప్‌లో బయటివి ఎక్కించకూడదు. ఎక్కించినందుకు ఇదివరకే ఒక హెచ్చరిక ఉత్తరం అందుకుంది. రెండోసారికి ఉత్తరం ఉండదు, ఉద్యోగమే ఉండదు. భర్త ఉద్యోగం పోయి అప్పటికే నాలుగు నెలలు.

భయపడుతూనే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది. ఎత్తింది తాబేలు.

ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన. ఎలా ఉంటారో ఎవరూ చూడలేదు. గొంతు మాత్రం ఎప్పుడూ తీరిగ్గా ఉంటుంది.

"మీ తెర నాకు కనిపిస్తోందమ్మా. కంగారేం లేదు, నేను చెప్పింది కొట్టండి చాలు."

"కొంచెం త్వరగా కానివ్వండి. అవతల నాకు బోలెడు పనుంది."

"అలాగే. కొత్తగా ఏమైనా ఎక్కించారా?"

"లేదండీ. నేనసలేం ముట్టుకోలేదు."

"నిన్న సాయంత్రం నేనో అప్‌డేట్ పంపాను. వచ్చిందా?"

"వచ్చింది."

"సరే. పై బాణం కీ ఒకసారి నొక్కండి."

నొక్కింది. అంతకుముందు కొట్టిన కమాండ్ తెర మీదికి వచ్చింది.

"ఇంకోసారి... ఇంకోసారి."

అలా నొక్కుతూ పోతే నిన్నటివి కూడా ఒక్కొక్కటే బయటికొస్తాయని ఆమెకు అప్పుడు తట్టింది. కానీ వేలు అప్పటికే నొక్కేసింది.

నిన్న అతికించిన లైన్, టూల్ పేరుతో సహా వచ్చి నిలబడింది.

పక్క గదిలోంచి పాప కేకేసింది. "అమ్మా, నా డాన్సు వీడియో వెళ్లిందా?"

ఆమె మైకుకి చెయ్యి అడ్డుపెట్టింది, అంతా వినిపించాక.

"ఇంకా నొక్కమంటారా?" అంది.

"వద్దులేమ్మా. చాలు."

ఆ తర్వాత ఆయన దాని మాటే ఎత్తలేదు.

"ఏ టూల్ ఎక్కడుందో రాసిపెట్టుకునే ఫైలు చెరిగిపోయిందమ్మా. అందుకే పేరు పెట్టి పిలిస్తే ఏదీ పలకట్లేదు. పూర్తి అడ్రసు చెప్పి పిలవాలి. స్లాష్ కొట్టండి. బి. ఐ. ఎన్. మళ్లీ స్లాష్..."

అక్షరం చెప్పడం, ఆగడం, చూడడం. అలాగే పాత ఫైలును వెనక్కి తెప్పించారు. అరగంటలో కమాండ్‌లన్నీ బుద్ధిగా పలికాయి.

"అయిపోయిందమ్మా. ఏం జరిగిందో ఇక నేను రాసిపెట్టాలి," అని ఫోన్ పెట్టేశారు.

ఆయన అది రాస్తే ఆమె ఉద్యోగం పోయినట్టే.

తప్పు చేసేటప్పుడు పనిచేయని బుర్ర, దొరికిపోయాక మాత్రం మహా చురుగ్గా పనిచేస్తుంది. ఆయన రాసేలోపు తనే రాసేయాలనుకుంది. ఆయన పైవాళ్లకు ఫిర్యాదు పంపింది.

'నిన్న హెల్ప్‌డెస్క్ పంపిన అప్‌డేట్ వల్లే నా లాప్‌టాప్ చెడిపోయింది. పంపిన వ్యక్తికి పని సరిగా రాదు. ఇప్పుడు తప్పు నా మీదికి నెట్టేలా ఉన్నారు.'

వెనకనుంచి భర్త చదివాడు.

"అదేంటి, నిన్న ఎక్కించింది నువ్వే కదా?"

"మీరు ఊరుకోండి. ఆయనకైతే ఓ మందలింపుతో పోతుంది. నాకు ఉద్యోగమే పోతుంది."

అతను తల వంచుకుని పాప గదిలోకి వెళ్లిపోయాడు. అది చూసి ఆమెకు ఇంకా సిగ్గేసింది.

ఆమెకు ఏ హెచ్చరికా రాలేదు. రెండు వారాలు గడిచాయి. పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే చాలు, "వద్దులేమ్మా, చాలు" అన్న గొంతే వినిపించేది. ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని రోజూ అనుకునేది. రోజూ రేపనుకునేది.

ఆఖరికి ఒకరోజు ఉండబట్టలేక హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసింది. ఎవరో అమ్మాయి ఎత్తింది. ఆమె తన పేరు చెప్పి అడిగింది.

"ఆ పెద్దాయన ఉన్నారా?"

"లేరండీ. ఉద్యోగంలోంచి తీసేశారు."

"తీసేశారా? ఒక్క అప్‌డేట్‌కా?"

"ఆయనకి ఇదివరకే ఒక హెచ్చరిక ఉందండీ. ఇది రెండోది. మీ ఫిర్యాదు చూసి విచారణ పెడితే, ఒక్క మాట కూడా కాదనలేదట. తప్పు నాదే అన్నారట."

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

"నా ఫిర్యాదు చూశాకే కదా అలా అన్నారు?"

అవునంటే బాగుండనిపించింది. భయపడి ఒప్పుకున్నారులే అని సరిపెట్టుకోవచ్చు.

"ఉండండి, ఆ రోజు ఆయన రాసిన రిపోర్టు తీస్తాను... 'నిన్న నేను పంపిన అప్‌డేట్‌లో పొరపాటు. లాప్‌టాప్ వాడుతున్నావిడ తప్పేమీ లేదు.' అంతే రాశారండీ."

"ఎన్నింటికి రాశారు?"

"పదకొండుంబావుకి. మీ ఫిర్యాదు వచ్చింది పదకొండున్నరకి."

ఎవరి నుంచి తప్పించుకుందామని ఆమె ఆ ఫిర్యాదు రాసిందో, ఆయన అప్పటికి పావుగంట ముందే ఆమెను తప్పించి, తప్పు తన పేరున రాసుకున్నారు.