తొక్కు జాడీ మీది చీటీ

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాండురంగం చెప్పులు గూడ ఇడువకుండ గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. కొత్తగా పెట్టించిన కరెంటు బల్బు కింద, మొన్న సచ్చిపోయిన తల్లి ఫోటో పక్కన ఇంకో పటం మెరుస్తున్నది. అద్దం ఎనక నూనె మరకల చీటీ. దాని మీద వంకరటింకర అక్షరాలు: "చంద్రకళ ముట్టద్దు."

మొన్నటిదాక తొక్కు జాడీకి అంటుకోని ఉన్న చీటీ అది.

"ఏందే ఇది?"

"అత్తమ్మ చేతిరాత. సంగారెడ్డి పోయి పటం కట్టిచ్చిన," అన్నది చంద్రకళ.

"రేపు మా ఫోర్‌మన్ సాబ్ పెండ్లాంతోని బువ్వకొస్తుండు. అత్తాకోడండ్ల లొల్లి గోడకెక్కిస్తవా? ఇజ్జత్ పోతది, తియ్యి!"

"తియ్య. ఆమె నన్ను జాడీ ముట్టనియ్యలే. నేను నిన్ను పటం ముట్టనియ్య."

పాండురంగం స్టూలెక్కి పటం పట్టుకున్నడు. "అయినా మా అమ్మ ఏలిముద్ర మనిషి. ఎవలితోనో రాయిచ్చి ఉంటది."

"నువ్వు డ్యూటీకి పోంగనే పొయ్యికాడ బొగ్గు పట్టిచ్చి నేర్పిన. తిట్టుకుంటనే నేర్చింది. 'నీ పేరు రాయత్తా' అంటే, 'నా పేరు నాకెరుకే గదనే' అన్నది. కొడుకు పేరు రాయమంటే, 'వాడు జాడీ జోలికి రాడు గద' అన్నది."

పాండురంగం పటం ఇడిసిపెట్టిండు.

చంద్రకళ కొంగుతోని అద్దం తుడిసింది.

"మొండి ముసల్ది. అక్షరాలు రాంగనే మొదలు రాసింది నా పేరే."