శుక్రవారం టేపు

"ఇరవై ఏండ్ల సంది ఈ సర్వర్ నేనే సూసుకుంటున్న. నిన్నగాక మొన్నొచ్చి నువ్వు నాకు చెప్తవా?" అన్నాడు దయాకర్.

నాచారంలోని ఆ మందుల ల్యాబ్‌లో పాత యూనిక్స్ సర్వర్ అది. డిస్కుల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేయడానికి అమృత పోచారంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చింది. పొద్దుటి నుంచి అతను ఆమెకు కుర్చీ కూడా చూపించలేదు.

"అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే పదేళ్ల పరీక్షల ఫలితాలు పోతాయి. వాటి నకలు ఎక్కించిన బ్యాకప్ టేపు ఉందా అని మూడోసారి అడుగుతున్నాను," అంది.

"ప్రతి శుక్రవారం కొత్త టేపు పెట్టి నా చేతులతోనే ఎక్కిస్త." రిజిస్టర్ తీసి ఆమె ముందు విసిరాడు. వారం వారం తేదీ, పక్కన అతని సంతకం. ఒక్క వారం కూడా తప్పలేదు. "సదువొస్తది గదా? అనుమానముంటే వాపస్ పో. పిల్లకు పని రాదని మీ మేనేజర్‌కు ఫోన్ జేసి నేనే చెప్త."

అమృత రిజిస్టర్ మూసేసి, టేపు డ్రైవ్ ముందు వంగి చూసింది.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

"నేనే. దసరాకు ఆయుధపూజ జేసిన. దానికి గూడ నీ పర్మిషన్ కావాల్నా?"

తడిపి రాసిన పసుపు, డ్రైవ్ తలుపునూ చట్రాన్నీ కలిపేసి ఎండిపోయింది. టేపు పెట్టడానికి తలుపు ఒక్కసారి తెరిచినా అది పగలాలి. సన్నని బీట కూడా లేదు.

"దసరా పోయి ఎనిమిది నెలలైంది, దయాకర్ గారూ," అంది అమృత. "మా మేనేజర్‌కు ఆ ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?"