ముందు సీట్లో మనిషి

బరువు తగ్గితే వేగం పెరుగుతుందని కార్లన్నీ పైకప్పు లేకుండా, ఇద్దరు ఎత్తగలిగేంత తేలికగా వచ్చేశాయి. అంబులెన్సులూ అంతే. తుపాను పొద్దున కోడలు నీలవేణికి నొప్పులు రావడంతో కస్తూరే కారు తీసింది. వీధి మలుపులో ముందు చక్రాలు గాలికి లేచాయి. ఆమె బ్రేకు తొక్కింది.

తన లావును కస్తూరి వెక్కిరించిందని ఏడాదిగా ఆమెతో మాట్లాడని పొరుగింటి అప్పలనరసమ్మ వానలో పరుగెత్తుకొచ్చి ముందు సీట్లో కూలబడింది. చక్రాలు నేలకు దిగాయి.

"ఇంకా సూస్తావేటి, పోనీ!"

ఆసుపత్రి దగ్గర కోడల్ని దింపుతూ కస్తూరి, "నువ్వూ లోపలికి రా వదినా," అంది.

"నాను దిగితే బండి ఎగిరిపోద్ది. బిడ్డనెలా ఇంటికి తెస్తావు? నువ్వెల్లు."

గంట తర్వాత కస్తూరి బయటికి పరుగెత్తింది. అప్పలనరసమ్మ తడిసి ముద్దై, సీటు పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఆడపిల్ల," అంటూ కస్తూరి ఆమె పక్కనే ఎక్కి కూర్చుంది.