ముందు పలికేది

"సర్వర్ల లోడ్ సగటు చూసి మోసపోకున్రి సార్. అన్నిటికంటె ఎక్కువ మోసేదాన్ని సగటుతోని పోల్చి చూడున్రి," అన్నడు జగదీష్ ఫోన్‌ల. ఇల్లందు దగ్గరి తండాల, ఇంటి నుంచే అతని కంప్యూటర్ ఉద్యోగం. ల్యాప్‌టాప్‌ల, కంపెనీ పని మోసే ఎనిమిది సర్వర్ల లోడ్ కనపడుతున్నది. ఏడు ఖాళీగ ఉన్నయి. ఒక్కటి ఎర్రగ కాలుతున్నది.

చాయ్ తెచ్చిన అక్క సోని అడిగింది. "దానికొక్కదానికే ఎందుకు గట్ల?"

"పని పంచే సాఫ్ట్‌వేర్, ఎవరు ముందు పలికితే వాళ్ళ నెత్తినే వేస్తదక్కా. ఇది జల్దీ పలుకుతది. అందుకే ఇదే సస్తున్నది."

వాకిలి తలుపును ఎవరో ఫట్‌మని తన్నిన్రు. తాగొచ్చిన నాయన. చేతిల ఎడ్ల ముల్లుగర్ర.

"ఎవరున్నర్రా ఇంట్ల?"

"నేనున్న నాయనా." సోని అప్పటికే గడప దాటింది.

మొదటి దెబ్బ వీపుల పడ్డది. రెండోది, ఎన్నడో విరిగి వంకరగ అతుక్కున్న మణికట్టు మీద. నాయన ఆమె జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టిండు. సున్నం మీద నెత్తురు మరక పడ్డది.

నోరు మూసుకొని మూలకుంటే దెబ్బలు తప్పేవి కద అని, ఆమెను చిన్నప్పటి నుంచి తిట్టేటోడు జగదీష్. అతను అట్లనే మూలకుండేటోడు. ఇప్పుడు తన చేతులు చూసుకున్నడు. ఒక్క మచ్చ లేదు.

నాయన కర్ర మళ్ళ లేపిండు. "ఇంకెవరున్నర్రా లోపల?"

నేల మీది నుంచి సోని పలకబోయింది.

"నేనున్న," అన్నడు జగదీష్, ఆమెకంటె ముందు.