ఒక్క జత స్కీలు

“రెండో జత స్కీలు కారులోనే మర్చిపోయారా?” అంది మార్నీ, ఆయాసం బయటపడకుండా.

“మర్చిపోలేదమ్మాయ్. తెచ్చిందే ఒక్క జత,” అన్నాడు లైల్.

అతని వీపున ఎడమ స్కీ, ఎడమ కాలి మంచుబూటు. ముందు నడుస్తున్న ఆరిన్ వీపున కుడివి రెండూ. బరువు చెరిసగం పంచుకున్నారు కాబోలు అనుకుంది మార్నీ. చేతికర్రలు మాత్రం ఎవరి జత వాళ్ళకే ఉంది.

“ఇద్దరి పాదమూ ఒకటే కొలత. రెండు జతలు కొనడం దండగ కదూ?” అన్నాడు ఆరిన్ వెనక్కి తిరక్కుండానే.

పిసినారితనానికైనా ఒక హద్దుండాలి అనుకుంది మార్నీ. కిందటి నెలే వాళ్ళ కొండలెక్కే జట్టులో చేరింది. ఈ ఇద్దరితో కొండెక్కడం ఇదే మొదలు. ఆగస్టు ఎండకి ఆమె పొట్టి నిక్కరు వేసుకొస్తే, ఈ అరవై దాటిన పెద్దమనుషులు మడమల దాకా ప్యాంట్లు తొడుక్కొచ్చారు.

“ఉడికిపోవడం లేదూ?”

“దోమలమ్మా, దోమలు,” అన్నాడు లైల్.

“వీడి కాళ్ళ మీద వాలిన దోమ సగం ఆకలితో లేచిపోతుంది,” అన్నాడు ఆరిన్.

“నీ మీద వాలింది మాత్రం విందు చేసుకుంటుందిట్రా?” అని లైల్ పకపకా నవ్వాడు. ఇందులో అంత నవ్వొచ్చేదేముందో మార్నీకి అర్థం కాలేదు.

కాస్కేడ్ కొండల్లో ఇలాంటి మొండివాళ్ళకో వ్రతం ఉంది. ఏడాదిలో ఏ నెలా తప్పకుండా మంచు మీద జారాలి. పడకుండా ఏడు మలుపులు తిరిగితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. చలికాలంలో ఎవరైనా జారతారు. అసలు పరీక్ష ఆగస్టే. హకిల్‌బెర్రీ పళ్ళ పొదలు దాటి, రాళ్ళగుట్టలు దాటి, శిఖరం నీడన గులాబీరంగు నాచు పట్టిన మంచు పట్టీ ఒక్కటే మిగులుతుంది.

లైల్, ఆరిన్ ఆ వ్రతాన్ని పదిహేనేళ్ళు తప్పకుండా నడిపారు. రెండు శీతాకాలాల కిందట మంచుచరియ విరిగి ఇద్దరి మీదా పడింది. ఆసుపత్రిలోనే వ్రతం తెగింది. పక్కపక్క మంచాల మీద పడుకుని, మళ్ళీ ఒక ఏడాది నిండా జారందే చచ్చేది లేదని ఒట్టు వేసుకున్నారు. కిందటి సెప్టెంబరులో మొదలుపెట్టి, పడుతూ లేస్తూ జూలై దాకా లాక్కొచ్చారు. ఈవేళ ఆగస్టు ఆఖరి రోజు. ఇది తప్పితే మళ్ళీ మొదటికే.

మంచు పట్టీ పైఅంచుకి చేరేసరికి పడమటి నుంచి మబ్బు పాక్కుంటూ వస్తోంది. మార్నీ దాన్ని వాళ్ళకి చూపించింది.

“ఒక్కసారి దిగడానికే వేళుంది. ఒకరు జారి, స్కీలు పైకి మోసుకొచ్చి ఇంకొకరికిచ్చే లోపల ఇదంతా మూసుకుపోతుంది. నా స్కీలు మీ పాదాలకి పట్టవు. మీలో ఎవరు జారతారు?”

“ఇద్దరం,” అన్నాడు ఆరిన్, ఎండబెట్టిన సాల్మన్ చేప ముక్క నములుతూ.

“ఒక్క జతతోనా?”

“ఒక్క జతతోనే.”

మార్నీకి ఒళ్ళు మండింది. ఏడాది పాటు పడ్డ కష్టం, ఇంకో జత కొనడానికి చెయ్యి రాక, ఇద్దరిలో ఒకరికి బూడిదలో పోసిన పన్నీరు కాబోతోంది. వీళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు.

“సరే, పందెం. మీరిద్దరూ ఒక్క దిగుడులో చెరో ఏడు మలుపులూ తిరిగితే, మీరు పైన వదిలే మూట నేను కిందికి మోసుకొస్తాను. ఒకరి వీపు మీద ఒకరు ఎక్కకూడదు.”

“ఎక్కం.”

“ఎవరి కాలు వాళ్ళ స్కీ మీదే ఉండాలి.”

“అంతకన్నానా? మూట బరువుగా ఉంటుంది మరి, తర్వాత ఏడవకు,” అన్నాడు లైల్. “ఇప్పుడు ఆ బండ అవతలికి వెళ్ళు తల్లీ. బట్టలు మార్చుకోవాలి.”

ఆమె బండ అవతలికి వెళ్ళి తన స్కీలు బిగించుకుంటుండగానే మబ్బు కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించడం లేదు. బండ వెనక ఏదో గుసగుస, ఏదో నవ్వు. తర్వాత మంచు మీద జర్రుమని చప్పుడు.

“ఒకటీ!” అని లైల్ గొంతు.

“ఒకటీ!” అని ఆరిన్ గొంతు.

రెండు, మూడు, నాలుగు... రెండు గొంతులూ కిందికి కిందికి జారిపోతున్నాయి. ఏడు దగ్గర ఇద్దరూ కలిసి వేసిన కేకకి ఎక్కడో రాళ్ళ సందుల్లో మార్మాట్ ఉడతలు ఈలలు వేశాయి. మార్నీ పందెం సంగతి మర్చిపోయి తనూ కేక పెట్టింది.

మబ్బు కాస్త విడింది. గులాబీ మంచు మీద రెండే గీతలు. ఒక మనిషి జారితే పడే రెండు గీతలు పక్కపక్కనే సాగుతాయి. ఇవి మాత్రం విడిపోయి, కలిసి, ఒకదాన్నొకటి దాటుతూ జడపాయల్లా కిందికి దిగాయి. అట్టడుగున రెండు చుక్కలు. రెండూ కర్రలెత్తి ఊపుతున్నాయి.

“పన్నెండు నెలలూ నిండాయి!” అని లైల్ అరుపు కొండకి తగిలి తిరిగొచ్చింది.

“ఓడిపోయావమ్మాయ్!” ఇది ఆరిన్. “బండ వెనక మూటుంది. జాగ్రత్తగా తే. అది లేకపోతే ఇంటికి నడవలేం.”

ఏం మాయ చేశారో కింద అడుగుదామని, మార్నీ నవ్వుకుంటూ స్కీలు విప్పి బండ వెనక్కి వెళ్ళింది. సంచీ మూతి మూసుకోలేదు. నడక బూట్లు పైకి పొడుచుకొచ్చాయి, లైల్ గోధుమరంగు జత, ఆరిన్ నల్ల జత. సర్ది పెడదామని ఒక గోధుమరంగు బూటు, ఒక నల్ల బూటు తీసి పక్కన పెట్టింది. మిగతా రెండూ రాలేదు. బిగించి లాగింది.

ఒక్కో బూటులో ఒక్కో ఫైబర్ కాలుంది.